అయస్కాంతమూ వెలుగూ ఒకే కణంలో: పిల్లలకు ఉత్తరం

కడప.

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

అయస్కాంతంతో ఒంటి లోపలి చిత్రాలు తీసే ఎమ్మారైలో కణితి కనబడుతూనే ఉన్నప్పుడు, దాని కోసం వాడే నానో కణానికి, అంటే కంటికి కనబడనంత చిన్న రేణువుకు, వెలుగును కూడా ఎందుకు జోడిస్తున్నారని మీరు అడగడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి బేరియం సల్ఫేటే. ఆ పదార్థాన్నే శుద్ధంగా తయారుచేసి, ఎక్స్‌రేలో పేగులు తెల్లగా కనబడేందుకు రోగిచేత తాగిస్తారు. ఎమ్మారైలో అలాంటి పని ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు చేస్తాయి. సుమారు 10 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు) ఇనుప కణానికి అయస్కాంతం దగ్గరున్నంతసేపే అయస్కాంత గుణం ఉంటుంది కాబట్టి, ఆ తరువాత అవి రక్తంలో ఒకదానినొకటి లాక్కొని గుమిగూడవు. నరంలోకి ఎక్కించిన ఈ కణాలను కాలేయంలో బయటి పదార్థాలను మింగే కుప్ఫర్ జీవకణాలు మింగినచోట, ఒంట్లోని నీటి నుంచి ఎమ్మారై అందుకునే సంకేతం త్వరగా క్షీణించి చిత్రం నల్లబడుతుంది. ఆ జీవకణాలు లేని కణితి మాత్రం తెల్లగా మిగిలిపోతుంది.

అయితే ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడ్డ డాక్టరుకు అది ముందెప్పుడో తీసిన చిత్రం. కణితి అంచు ఎక్కడుందో ఆయనకు కోస్తున్నప్పుడే తెలియాలి, అది వెలిగే కణమే చెప్పగలదు. కంటికి కనబడే వెలుగు మాంసంలో కొద్ది మిల్లీమీటర్లకే చెదిరిపోతుంది కాబట్టి, లోతు చూడడానికి అయస్కాంతం తప్పదు.

అసలు చిక్కు ఈ రెండింటినీ కలపడంలోనే ఉంది. పక్కనే ఉన్న వెలుగును ఐరన్ ఆక్సైడ్ మింగేస్తుంది. అందువల్ల వేరుశనగ గింజను పొట్టు కప్పినట్టు ఇనుప కణాన్ని గాజులాంటి సిలికా పొరతో కప్పి, వెలిగే పదార్థాన్ని ఆ పొర వెలుపలి భాగంలో అమరుస్తారు. పొర పలుచనైతే వెలుగు ఆరిపోతుంది. మందమైతే నీరు ఇనుముకు దూరమై అయస్కాంత ప్రభావం తగ్గడమే కాక, కణం పెద్దదై కణితిని చేరలేదు. ఈ రంగంలో నేర్పంతా ఆ కొద్ది నానోమీటర్ల మందాన్ని కుదర్చడంలోనే ఉందని నా అభిప్రాయం.

వెలుగు కోసం క్వాంటం డాట్లను, అంటే కాంతి పడితే రంగుల్లో వెలిగే అతిచిన్న అర్ధవాహక స్ఫటికాలను, వాడవచ్చు. వాటిని కనిపెట్టి, తయారీని మెరుగుపరిచినందుకు బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు 2023లో నోబెల్ బహుమతి వచ్చింది. వాటిలో చాలావాటికి ఆధారమైన కాడ్మియం మూత్రపిండాలకు విషం. నాకు మరింత ఆశ కలిగించేవి గడోలినియం అనే లోహంతో చేసిన గడోలినియం ఫ్లోరైడ్ కణాలు. గడోలినియం ఎమ్మారైలో పనిచేస్తుంది, అందులో కలిపిన ఇటర్బియం, ఎర్బియం అనే లోహాలు 980 నానోమీటర్ల పరారుణ కాంతిని తీసుకొని ఆకుపచ్చగా, ఎర్రగా వెలుగుతాయి. ఆ కాంతికి మన ఒళ్లు తానుగా మెరవదు కాబట్టి కణాలు స్పష్టంగా కనబడతాయి.

పని ముగిశాక ఇనుమును శరీరం తన నిల్వల్లో కలుపుకోగలదు. గడోలినియానికి అలాంటి దారి లేదు, దాని కణాలు కాలేయంలోనూ ప్లీహంలోనూ చాలాకాలం నిలిచిపోతాయి. ఈ జంట కణాలు ఇంకా ఎక్కువగా ఎలుకల మీద ప్రయోగాల దశలోనే ఉండడానికి ఇదొక పెద్ద కారణం.

మీ తాత