సగటు కింద దాగిన రద్దీ

విశాఖ సిరిపురంలో ఒక ఆఫీసు అనుకుందాం. ప్రతి 5 నిమిషాలకూ ఒకసారి, అర నిమిషం పాటు వీడియో కాల్‌లో మాటలు ముక్కలైపోతాయి. ఫిర్యాదు చేస్తే ‘లైన్ బాగానే ఉందండీ, 10 శాతమే వాడుతున్నారు’ అంటారు. ఆ లెక్క తప్పు కాదు. 300 సెకన్లలో 30 సెకన్లు లింకు నిండిపోయి, మిగతా 270 సెకన్లు ఖాళీగా ఉన్నా సగటు 10 శాతమే వస్తుంది. మద్దిలపాలెం జంక్షన్‌లో రోజంతటి సగటు తీసి, సాయంత్రం సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నవాళ్లకు చూపిస్తే ఏం లాభం?

ఆ 30 సెకన్లలో రౌటర్‌కు వచ్చే ప్యాకెట్లు, అంటే డేటా చిన్న చిన్న మూటలు, ఎక్కువ, బయటికి పోయేవి తక్కువ. మిగిలినవి క్యూ కడతాయి. సెకనుకు 10 మెగాబిట్ల లింకు మీద 1500 బైట్ల ప్యాకెట్ పంపడానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది. ముందు అలాంటివి 1000 ఉంటే, మీ మాట 1.2 సెకన్లు ఆగాల్సిందే. క్యూ నిండాక వచ్చినవి పడిపోతాయి.

బఫర్, అంటే ఆ క్యూ నిలిచే చోటు, పెంచితే సరిపోతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పడిపోయే ప్యాకెట్లు తగ్గినా ఆలస్యం పెరుగుతుంది. పైగా డేటా పంపే వేగాన్ని చూసుకునే మామూలు టీసీపీ, ప్యాకెట్ పోయిందని తెలిశాకే వేగం తగ్గిస్తుంది. పెద్ద క్యూ ఆ కబురునే ఆలస్యం చేస్తుంది. అందుకే 2012లో నెట్‌వర్క్ పరిశోధకులు క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రకటించిన కోడెల్ అనే క్యూ నిర్వహణ పద్ధతి క్యూ పొడవును పట్టించుకోదు. ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చూస్తుంది. ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్లకు పైనే ఉంటే, ప్యాకెట్లను కావాలనే పడేయడం మొదలుపెడుతుంది.

అసలు కారణం దొరకాలంటే సెకనుకొక పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే చిన్న ప్యాకెట్) పంపి, ఆలస్యమైన వేళలు రాసుకోవాలి. వాటి మధ్య ఎడం ఒకేలా ఉంటే ఏదో టైమర్ పనే. బ్యాకప్, సీసీటీవీ అప్‌లోడ్, ఏదైనా కావచ్చు. నెట్‌వర్క్ పరిశోధకురాలు సాలీ ఫ్లాయిడ్, పైన చెప్పిన జాకబ్సన్ కలిసి 1993లో ఇలాంటిదే వివరించారు: బర్క్‌లీ నుంచి ఎమ్‌ఐటీకి పంపిన పింగ్‌లు 90 సెకన్లకోసారి వరసగా కొన్ని దారిలోనే పడిపోయేవి. దారిలోని రౌటర్లు అంత ఎడంతోనే రూటింగ్ సమాచారం, అంటే ఎటు పంపాలో చెప్పే వివరాలు, పంచుకునేవి. మరీ ఆశ్చర్యం ఏమిటంటే, వేర్వేరు వేళల్లో మొదలైన టైమర్లు కూడా కాలక్రమేణా ఒకే క్షణానికి చేరిపోగలవు. పక్క రౌటర్ సందేశాన్ని చదవడం పూర్తయ్యాకే తన టైమర్‌ను మళ్లీ మొదలుపెట్టడం వల్ల రెండూ ముడిపడతాయి. దానికి వాళ్లు చెప్పిన మందు యాదృచ్ఛికత. నామమాత్రపు తేడా చాలదు. 300 సెకన్ల టైమర్ అయితే ప్రతిసారీ 150 నుంచి 450 మధ్య ఎక్కడైనా పడనివ్వాలి.