పాత సినిమా హాళ్ళు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ప్రొజెక్టర్ క్యాబిన్‌లో పనిచేసినవాణ్ణని తెలిస్తే చాలు, టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు మొదలుపెడతారు. "టీవీ వచ్చాకే కదన్నా మన హాళ్ళన్నీ పోయింది?" టీ తాగేలోపు చెప్పే జవాబు కాదది. అందుకే నేను తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని, తెలిసినంత రాస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోతుంది, అసలు సంగతి అందులోనే ఉంది కాబట్టి.

అపోహ: టీవీ, ఆ తర్వాత ఓటీటీ వచ్చి హాళ్ళను మూయించాయి.

వాస్తవం: దెబ్బ తగల్లేదని అనను. కేబుల్ టీవీ వచ్చాక మ్యాట్నీకి ఆడవాళ్ళు తగ్గిన మాట నిజం. కానీ ఇంటింటికీ టీవీ వచ్చాక కూడా హాళ్ళు చాలా ఏళ్ళు నడిచాయి. హాలు బతుకు తేలేది టికెట్ కౌంటర్ దగ్గర కాదు, స్థలం దగ్గర. పాత హాళ్ళు చాలావరకు ఊరి నడిమధ్యన, బస్టాండుకో రైల్వే స్టేషన్‌కో నడిచిపోయే దూరంలో కట్టినవి. పల్లె నుంచి వచ్చినాయన ఫస్ట్ షో చూసి ఆఖరి బస్సు అందుకోవాలి మరి. యాత్రికులు పెరిగేకొద్దీ లాడ్జీలకు, షాపింగ్ కాంప్లెక్సులకు కావలసి వచ్చింది సరిగ్గా ఆ జాగాలే. పైగా తాత కట్టిన హాలుకు మనవళ్ళ కాలానికి వాటాదారులు పెరిగిపోతారు. నడిచే హాలును ముక్కలు చేసి పంచుకోలేరు, స్థలాన్నయితే పంచుకోవచ్చు.

రెండో కారణం చాలామందికి తట్టదు. రీళ్ళ కాలంలో ప్రింట్లు, అంటే సినిమా కాపీలు, తక్కువ, ఒక్కోదానికి ఖర్చు ఎక్కువ. సినిమా ముందు తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్ళలో ఆడి, తర్వాత పుత్తూరు, పీలేరు, పలమనేరు వైపు పోయేది. ఆ తర్వాత ఇంకా చిన్న ఊళ్ళకు, టెంటు హాళ్ళకు. వెళ్ళేసరికి ప్రింటు నిండా గీతలే. అయినా అక్కడివాళ్ళకు అది కొత్త సినిమానే. సినిమా వ్యాపారంలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లాను సీడెడ్ కింద లెక్కేస్తారు. సీడెడ్ అంటే నిజాం ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్న దత్త మండలాలు. నిజానికి వాటిలో తిరుపతి లేదు, చిత్తూరు పట్నమూ లేదు. సినిమావాళ్ళ భూగోళం వాళ్ళదే.

2005 తర్వాత యూఎఫ్ఓ, క్యూబ్ లాంటి డిజిటల్ పద్ధతులు వచ్చాయి. ప్రింటు ఖర్చు తప్పింది, ఒకే రోజు అన్ని ఊళ్ళలోనూ విడుదల. అందరూ సంబరపడ్డారు, నాక్కూడా పెట్టెలు మోసే బాధ తప్పింది. కానీ నెలల తరబడి ఊరూరా తిరిగి వచ్చే కలెక్షన్ మొదటి వారంలోకి కుదించుకుపోయింది. రెండో విడత ఆటల మీద బతికే చిన్న హాళ్ళకు ఆడించడానికే ఏమీ మిగల్లేదు. ఏడాదిలో నిండేది కొన్ని వారాలు. మిగతా రోజులు కరెంటు బిల్లు, జీతాలు. దానికి తోడు ఏసీ పెట్టు, సౌండ్ మార్చు, కుర్చీలు మార్చు. ఈ లెక్కలో ఇరుక్కున్న హాళ్ళు కొన్ని 2020 లాక్‌డౌన్‌కు మూతపడి మళ్ళీ తెరుచుకోలేదు. అప్పుడు జనం కరోనాను తిట్టారు. జబ్బు అంతకుముందే ఉంది.

అపోహ: హౌస్‌ఫుల్ బోర్డు పడితే ఓనరుకు పంటే.

వాస్తవం: కలెక్షన్‌లో పన్ను, డిస్ట్రిబ్యూటర్ వాటా పోయాక మిగిలేదే హాలుకు. కొన్ని సినిమాలకు పర్సెంటేజీ, కొన్నింటికి అద్దె మాత్రమే. అద్దెకిచ్చాక హాలు పగిలిపోయేంత జనం వచ్చినా ఓనరుకు అదే డబ్బు. శ్లాబు పద్ధతిలో పన్ను కట్టిన రోజుల్లో హాలు సామర్థ్యాన్ని బట్టి లెక్క వేసేవాళ్ళు, సీట్లు ఖాళీగా ఉన్నా కట్టాల్సిందే. నమ్మకంగా చేతికొచ్చేది సైకిల్ స్టాండు, క్యాంటీన్ కాంట్రాక్టుల సొమ్ము. ఓనర్లు సినిమా బాగుందా అని కాదు, ఇంటర్వెల్ బాగుందా అని అడిగేవాళ్ళని మేం నవ్వుకునేవాళ్ళం.

అపోహ: బొమ్మ మసగ్గా ఉందంటే మిషన్ పాతదని.

వాస్తవం: చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు, కార్బన్‌ది. జెనాన్ ల్యాంపులు రాకముందు వెలుతురంతా రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే ఆర్క్ నుంచే వచ్చేది. అవి కాలి అరిగేకొద్దీ మధ్య సందు పెరుగుతుంది, ఆపరేటర్ దగ్గరకు జరుపుతూ ఉండాలి. కాస్త పరధ్యానంలో పడితే తెర రంగు మారిపోతుంది. కార్బన్ ఖర్చుకు భయపడి కరెంటు తగ్గించి మండించమనే ఓనర్లూ ఉండేవాళ్ళు. హాలు వెనక పిల్లలు ఏరుకున్న రాగిపూత ముక్కలు ఆ కడ్డీల కొసలే.

అపోహ: తెర మూలన కనిపించే చుక్క ఫిల్మ్ దెబ్బతిన్న గుర్తు.

వాస్తవం: అది మా కోసం రీలు చివర పెట్టింది. సినిమా అంటే చాలా రీళ్ళు, రెండు మిషన్ల మీద ఒకదాని తర్వాత ఒకటి నడిపేవాళ్ళం. మొదటి చుక్కకు రెండో మిషన్ మోటారు ఆన్ చేయాలి, ఇంకో ఏడు సెకన్లకు వచ్చే చుక్కకు బొమ్మ మార్చాలి. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, 2000 అడుగుల రీలు 22 నిమిషాలే. చుక్క తప్పితే తెల్ల తెర, ఆ వెంటనే ఈలలు.

అపోహ: రీలు అంటుకుంటే హాలంతా తగలబడేది.

వాస్తవం: ఆ భయం నైట్రేట్ ఫిల్మ్ నాటిది. అది నీళ్ళలో ముంచినా ఆరదు. ఇనుప షట్టర్లు, ఇసుక బకెట్లు క్యాబిన్‌లోకి వచ్చింది అందుకే. 1950ల్లో తేలిగ్గా అంటుకోని సేఫ్టీ ఫిల్మ్ వచ్చాక, మిషన్‌లో వెలుతురు పడే గేటులో ఆగిన ముక్క వేడికి బుడగలొచ్చి కరిగేది, అంతే. అక్కడ కత్తిరించి అతికించి మళ్ళీ నడిపేవాళ్ళం.

అపోహ: ఆపరేటర్ తన ఇష్టానికి పాటలు లేపేసేవాడు.

వాస్తవం: ఇది పూర్తిగా అపోహ కాదు, ఆఖరి బస్సు మాకూ ఉంటుంది. కానీ ఎక్కువసార్లు ఆ ముక్కలు ఊరూరా తెగి తెగి అతుకుల్లో పోయినవే. ఇక ఇంటర్వెల్ సాగిందంటే షిఫ్టింగ్ ప్రింటు అనుకోండి. ఒకే ప్రింటు రెండు హాళ్ళలో గంట తేడాతో ఆడుతుంటుంది. అక్కడ రీలు అయిపోగానే కుర్రాడు సైకిల్ మీద ఇక్కడికి తేవాలి. దారిలో రైల్వే గేటు పడితే ఇక్కడ స్లైడులు వేయడమే.

అపోహ: హాలును కల్యాణ మండపం చేయడానికి కుర్చీలు పీకేస్తే చాలు.

వాస్తవం: నడుమ స్తంభాలు లేని పెద్ద గది, ముందు బళ్ళు నిలిపే జాగా, అంతవరకు సరే. కానీ నేల వాలుగా ఉంటుంది. తెర వైపు మట్టి పోసి మట్టం చేయాలి. వంటశాల, గాలి, వెలుతురు అన్నీ కొత్తగా కావాలి, హాలు కట్టింది చీకటి కోసం కదా. అలాంటి మండపానికి వెళితే వెనక గోడ పైభాగం చూడండి. పూడ్చేసిన చదరపు కంతలు కనిపించవచ్చు. మిషన్‌కు రెండు చొప్పున, ఒకటి వెలుతురుకు, ఒకటి మా కంటికి.

అపోహ: మూసిన హాళ్ళలో పాత సినిమాల రీళ్ళు, వాటిలో వెండి దొరుకుతాయి.

వాస్తవం: ప్రింట్లు హాలువి కావు, డిస్ట్రిబ్యూటర్‌వి. ఆట అయిపోగానే పెట్టెలు వెనక్కి పోయేవి. వెండి నిలిచేది బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో. రంగుల ప్రింటులో అయితే చాలావరకు ల్యాబ్‌లోనే కడిగేస్తారు, ఉంటే సౌండ్ ట్రాక్ గీతలో కాస్త. హాల్లో మిగిలింది మిషన్లే. వెస్ట్రెక్స్, ఫోటోఫోన్ లాంటి బరువైన ఇనుము, వాటినీ కిలోల లెక్కన తూచి అమ్మేశారు.