వేడి కొలిచే తీగే తప్పు చెప్తే

ఫర్నేస్ లోపల 1000 డిగ్రీలు ఉందని స్క్రీన్ మీద కనిపిస్తే నమ్మేస్తాం, కానీ ఆ అంకె ఎక్కడ పుడుతుందో తెలిస్తే నమ్మేముందు కాస్త ఆగుతాం. చాలా ఫ్యాక్టరీల్లో అది వచ్చేది థర్మోకపుల్ నుంచి. రెండు వేరే వేరే లోహాల తీగల్ని ఒక కొనలో కలిపి వేడిలో పెడితే రెండో వైపు చిన్న వోల్టేజ్ వస్తుంది, 1821లో శాస్త్రవేత్త సీబెక్ బయటపెట్టిన ఎఫెక్ట్ ఇదే. ఎక్కువగా వాడే కె టైప్‌లో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్ట్‌లు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. వోల్టేజ్ ఆ కొనలో పుడుతుందని చాలామంది అనుకుంటారు, కాదు, తీగ పొడవునా ఎక్కడ వేడి మారుతుంటే అక్కడ పుడుతుంది. ఫర్నేస్‌లో అయితే అది ఎక్కువగా గోడ మందంలోనే, ఎందుకంటే లోపలంతా దాదాపు ఒకటే వేడి, బయట గది వేడి. అంటే గోడలో ఉన్న ఆ కాస్త తీగ పాడైతే కొన ఎంత బాగున్నా రీడింగ్ తప్పే!

పాడవడం కూడా మామూలే. కె టైప్‌లో ఒక తీగ నికెల్, క్రోమియం కలిసింది. సన్నని ట్యూబ్ లోపల ఆక్సిజన్ సరిగ్గా అందకపోతే క్రోమియం మాత్రమే ఆక్సైడ్ అయిపోయి తీగ ఆకుపచ్చగా మారుతుంది, దీన్ని గ్రీన్ రాట్ అంటారు. అప్పుడు వోల్టేజ్ తగ్గి రీడింగ్ తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ ఏమో వేడి చాల్లేదనుకుని ఇంకా మంట పెంచుతుంది, లోపలి సరుకు మాడుతుంది, స్క్రీన్ మీద మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. తీగ తెగిపోతే అలారమైనా మోగుతుంది, దీనికి అదీ లేదు.

సరే, తీసి ల్యాబ్‌కి పంపిద్దాం అంటారు. అక్కడి ఫర్నేస్‌లో ఇంకా లోతుగా పెడితే పాడైన ముక్క ఒకే వేడి ఉన్న చోట కూర్చుంటుంది, అక్కడ దాని వల్ల వోల్టేజే రాదు, వేడి మారే చోట బాగున్న ముక్క వస్తుంది, పరీక్ష పాస్! తిరిగి తెచ్చి పెడితే మళ్ళీ అదే తప్పు. అందుకే కదపకుండా, పక్కనే అదే లోతులో కొత్తది దింపి రెండూ పోల్చడమే నమ్మకమైన పద్ధతి.

మూడు పెట్టి రెండు ఏం చెప్తే అది నమ్ముదాం అనేది మంచి ఆలోచనే, కానీ మూడూ ఒకే టైప్, ఒకే వయసు అయితే మూడూ కలిసే తప్పుతాయి, కనీసం ఒకటైనా వేరే టైప్, ప్లాటినం-రోడియం తీగలది ఉంటే మేలు, ఖరీదెక్కువే అయినా.

మరి పోల్చడానికి దింపిన కొత్తది కరెక్టని ఏంటి గ్యారంటీ? కరిగిన స్వచ్ఛమైన వెండి గడ్డకట్టేటప్పుడు 961.78 డిగ్రీల దగ్గర నిలబడిపోతుంది, మొత్తం గట్టిపడేదాకా కదలదు, ప్రపంచంలో ఏ ల్యాబ్‌లో చేసినా అంతే. క్యాలిబ్రేషన్‌లో, అంటే పరికరం సరిగ్గా చెప్తోందో లేదో సరిచూడటంలో, ఒకదాన్నొకటి పోల్చుకుంటూ పోతే చివరికి ఇలాంటి మారని వేడి దగ్గరే ఆగాలి.