రాజ్యాంగ పాఠం మీదే కత్తెర ఎందుకు?

2020 జులైలో కరోనా కారణంగా సీబీఎస్‌ఈ సిలబస్‌ను 30 శాతం దాకా తగ్గించింది. పదకొండో తరగతి పొలిటికల్ సైన్స్‌లో సమాఖ్య వ్యవస్థ, పౌరసత్వం, జాతీయవాదం, లౌకికవాదం పాఠాలు మొత్తంగా ఎగిరిపోయాయి. లాక్‌డౌన్ మీద చివరి మాట కేంద్రానిదా రాష్ట్రాలదా, జీఎస్టీ పరిహారం ఎవరు కట్టాలి అని టీవీల్లో గొడవ నడిచిన ఏడాది అది. సమాఖ్య గురించి చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరుకుతుందా? ఈ ఒక్క ఏడాదికేనని బోర్డు సర్దిచెప్పింది.

నిజానికి ఈ పాఠంతో పాలకులకు పేచీ పాతదే. సివిక్స్ మన బడుల్లోకి వచ్చింది హక్కులు నేర్పడానికి కాదు, బ్రిటిష్ రాజ్ మీద జనానికి విధేయత సడలుతోందన్న బెంగతో. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే ఈ సంగతి చెప్పింది. స్వతంత్రం వచ్చాకా ఆ వాసన పూర్తిగా పోలేదు. ఎమర్జెన్సీలో, 1976లో 42వ సవరణ కోర్టుల అధికారాలు కుదించి, పౌరులకు పది ప్రాథమిక విధులు అప్పజెప్పింది. తర్వాత కోర్టుల అధికారాలు చాలావరకు తిరిగొచ్చాయి, విధులు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటిని ఎలా బోధించాలో చెప్పడానికి వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ 1999లో నివేదిక కూడా ఇచ్చింది.

2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం దారి మార్చింది. పాఠం మధ్యలో కార్టూన్లు, ప్రశ్నలు పెట్టింది. వాటిలో ఒకటి 1949లో కార్టూనిస్టు శంకర్ గీసింది. నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడా పట్టుకున్న నెహ్రూ, చుట్టూ చూస్తున్న జనం. రాజ్యాంగ రచనకు దాదాపు మూడేళ్లు ఎందుకు పట్టిందో పిల్లలు ఆలోచించాలని ఆ బొమ్మ వేశారు. ఆరేళ్లపాటు పెద్ద గొడవేమీ లేదు. 2012 మేలో, ఇది అంబేడ్కర్‌కు అవమానమని పార్లమెంటు అట్టుడికింది. నెహ్రూ అంబేడ్కర్‌నే కొడుతున్నట్టుందన్న దళిత నేతల బాధను కొట్టిపారేయలేం. కానీ దాన్ని తరగతిలో చర్చించాల్సింది పోయి, బొమ్మనే తీసేశారు. పుస్తకం ముఖ్య సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. పాఠ్యపుస్తకాల్ని సమీక్షించడానికి వేసిన సుఖదేవ్ థోరట్ కమిటీ ఇంకొన్ని కార్టూన్లనూ తప్పించమంది. సభ్యుల్లో ఎం.ఎస్.ఎస్. పాండియన్ ఒక్కరే విభేదించారు.

మన దగ్గర చాలామందికి రాజ్యాంగం గట్టిగా తగిలేది బడిలో కాదు, హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న సుప్రీంకోర్టు కేశవానంద భారతి తీర్పు 1973 ఏప్రిల్ 24న వచ్చిందని, 13 మంది జడ్జిలు 7-6గా చీలారని గ్రూప్స్ అభ్యర్థి టకటకా చెప్పేస్తాడు. ఆ ఆరుగురు ఎందుకు ఒప్పుకోలేదని అడిగితే మాత్రం, అది బిట్‌గా రాదు కదా అంటాడు.