మౌస్ చచ్చిపోలేదర్రా

చిన్నూ, బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. మీ నాన్న ఆఫీస్ లాప్‌టాప్‌కీ మీ డెస్క్‌టాప్‌కీ కలిపి ఒకటే కీబోర్డ్, ఒకటే మౌస్, ఒకటే మానిటర్, మధ్యలో ఆ కేవీఎం డబ్బా, బటన్ నొక్కితే స్క్రీన్ మారుతోంది కానీ మౌస్ మాత్రం చచ్చిపోయింది, అంతేగా? చావలేదర్రా. ఫోన్‌లో చెప్తే మీరు మధ్యలో అడ్డం పడతారు కాబట్టి రాస్తున్నా, అమ్మమ్మ ఇచ్చిన కాఫీ కూడా చల్లారిపోయింది.

కేవీఎం అంటే కీబోర్డ్, వీడియో, మౌస్, ఇంతే, పెద్ద బ్రహ్మవిద్య కాదు. వీడియో దారి వేరు, కీబోర్డ్ మౌస్ దారి వేరు, అందుకే ఒకటి పనిచేసి ఇంకోటి మానేస్తుంది. కీబోర్డ్ గుచ్చగానే కంప్యూటర్ దాన్ని నువ్వెవరు, ఏ కంపెనీ, ఏం చేస్తావ్ అని పెళ్ళిచూపుల్లో అడిగినట్టు అడుగుతుంది, అది జవాబు చెప్పాకే మాటలు మొదలవుతాయి. చవక డబ్బాల్లో మీరు బటన్ నొక్కిన ప్రతిసారీ ఈ పెళ్ళిచూపులు మళ్ళీ మొదట్నించీ జరుగుతాయి, అందుకే రెండు మూడు సెకన్లు ఏమీ కదలదు, అప్పుడు కంగారుపడి మళ్ళీ బటన్ నొక్కారనుకోండి, అంతే సంగతులు.

కాస్త మంచి డబ్బాలైతే పెళ్ళిళ్ళ పేరయ్య లాంటివి. అటు లాప్‌టాప్‌తో నేనే మీ కీబోర్డ్‌ని అంటుంది, ఇటు డెస్క్‌టాప్‌తో కూడా నేనే మీ కీబోర్డ్‌ని అంటుంది, దీన్నే ఎమ్యులేషన్ అంటారు. వెయ్యి అబద్ధాలాడి ఓ పెళ్ళి చెయ్యమన్నారు కదా, అదే ఇది. మామూలు కీబోర్డ్‌కి ఆ అబద్ధం బాగానే సరిపోతుంది, కానీ బుజ్జీ నీ రంగురంగుల లైట్ల కీబోర్డ్ ఉందే, దాని ఎక్స్‌ట్రా కీలు, లైట్ల సాఫ్ట్‌వేర్ ఇవన్నీ పేరయ్యకి తెలియని విషయాలు, అక్కడే దొరికిపోతాడు.

మేం ఉద్యోగం చేసే రోజుల్లో ఇంకా ఘోరం. అప్పుడు గుండ్రటి పీఎస్/2 పిన్నులు, ఐబీఎం 1987లో పర్సనల్ సిస్టమ్/2 అని తెచ్చింది, ఆ పేరే పిన్నుకి నిలిచిపోయింది, కీబోర్డ్‌ది ఊదారంగు, మౌస్‌ది ఆకుపచ్చ. మెషీన్ ఆన్‌లో ఉండగా పీకి పెట్టకూడదు. బూట్ అయ్యేటప్పుడు కీబోర్డ్ కనబడకపోతే కొన్ని మెషీన్లు అక్కడే ఆగిపోయి ఎఫ్1 నొక్కమనేవి, కీబోర్డే లేనప్పుడు ఎఫ్1 ఎలా నొక్కుతాం రా బాబూ అని మేం నవ్వుకునేవాళ్ళం. అదలా ఉంచితే, ఓ లినక్స్ సర్వర్‌కి మార్చగానే మౌస్ బాణం గదిలో ఈగలా ఎగిరి మూలకి పోయి దానంతటదే క్లిక్కులు కొట్టేది, దయ్యం పట్టిందన్నారు. దయ్యం లేదూ గియ్యం లేదు. చక్రం లేని మౌస్ కదలిక చెప్పేటప్పుడు 3 బైట్లు పంపుతుంది, చక్రం ఉన్నది 4 పంపుతుంది, కంప్యూటర్ మొదట్లోనే అడిగి తెలుసుకుని 4 చొప్పున లెక్కపెడుతూ ఉంటుంది, మధ్యలో డబ్బా మౌస్‌ని రీసెట్ చేస్తే అది మళ్ళీ 3కి దిగిపోతుంది, కంప్యూటర్ ఇంకా 4 లెక్కే పెడుతుంది, ఒక వాక్యం చివరి మాటని తర్వాతి వాక్యంలో కలిపి చదివినట్టు అర్థాలన్నీ తలకిందులు. లాగ్‌లో, అంటే కంప్యూటర్ రాసుకునే డైరీలో, పీఎస్‌మౌస్ లాస్ట్ సింక్రనైజేషన్ అని వరసగా పడేది, పీఎస్‌మౌస్ అంటే మౌస్‌తో మాట్లాడే డ్రైవర్, దాని లెక్క తప్పిందని అర్థం. ఆ డ్రైవర్ తీసేసి మళ్ళీ ఎక్కిస్తే బుద్ధిగా నడిచేది. నాకది తెలియడానికి రెండు రోజులు పట్టింది, ఈలోపు మూడు మౌస్‌లు మార్చా, మూడూ మంచివే పాపం.

సరే మీ సంగతి. ముందు కీబోర్డ్, మౌస్ తీసి నేరుగా డెస్క్‌టాప్‌కి గుచ్చండి, డబ్బాని పక్కన పెట్టి. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి, ఆ లైటు వెలిగించేది కీబోర్డ్ కాదు, కంప్యూటర్ చెప్తేనే వెలుగుతుంది, కాబట్టి వెలిగి ఆరుతోందంటే ఇద్దరి మధ్యా మాటలు నడుస్తున్నట్టే. అక్కడ పనిచేస్తే తప్పు డబ్బాదో, డబ్బా నుంచి కంప్యూటర్‌కి వెళ్ళే యూఎస్‌బీ వైరుదో. ఆ వైరు అసలు గుచ్చారా? నవ్వకండి, హెచ్‌డీఎంఐ ఒక్కటే పెట్టేసి మౌస్ రావట్లేదని గంటసేపు కొట్టుకున్నవాణ్ణి నేనే.

తర్వాత డబ్బాని నిజంగా ఆపండి. అడాప్టర్ పీకితే ఆగిపోయిందనుకుంటారు, కానీ యూఎస్‌బీ వైర్ల నుంచి కరెంటు తాగుతూ బతికే ఉంటుంది. కంప్యూటర్లు షట్‌డౌన్ చేసి, అన్ని వైర్లూ తీసి, లైట్లన్నీ ఆరాక ఓ నిమిషం ఆగి, ముందు డబ్బాకి కరెంటు, తర్వాత కీబోర్డ్ మౌస్, ఆఖర్న ఒక్కో కంప్యూటర్ కలపండి. సగం రోగాలు దీనికే పోతాయి.

డబ్బా మీద కీబోర్డ్ బొమ్మ, మౌస్ బొమ్మ ఉన్న రంధ్రాలు చూశారా, పేరయ్య కూర్చునేది అక్కడ. బుజ్జి లైట్ల కీబోర్డ్‌ని అక్కడ కాకుండా మామూలు యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి చూడండి, చాలా డబ్బాల్లో పనిచేస్తుంది. అయితే స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కి మార్చే హాట్‌కీ మాత్రం పోతుంది, ఎందుకంటే అక్కడ నొక్కింది డబ్బా వినదు, బటనే నొక్కుకోవాలి. లైట్లకి కరెంటు కూడా ఎక్కువ కావాలి, యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లే, అడాప్టర్ లేకుండా నడుపుతుంటే ముందు అది పెట్టండి.

చిన్నూ, నీ వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందన్నావు, అది వేరే జబ్బు. యూఎస్‌బీ 3.0 వైర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి, ఇంటెల్ వాళ్ళే 2012లో కాగితం రాసి చెప్పారు, నీ మౌస్ మాట్లాడేది సరిగ్గా అక్కడే. మౌస్ కోసం యూఎస్‌బీలో గుచ్చే ఆ చిన్న డాంగిల్‌ని ఓ ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ మీదకి తెచ్చుకో, చాలు.

కంట్రోల్ రెండుసార్లు నొక్కి మారేలా పెట్టుకున్నారా? అయితే ఒక్కోసారి వేలు తీసిన సంగతి మీరు వదిలి వచ్చిన కంప్యూటర్‌కి చేరదు, అది ఇంకా కంట్రోల్ నొక్కే ఉందనుకుంటుంది, మళ్ళీ అటు వెళ్ళి ఎస్ కొడితే అక్షరం పడదు, సేవ్ అవుతుంది. రెండు వైపుల కంట్రోల్ కీలూ ఒక్కోసారి నొక్కి వదిలితే సర్దుకుంటుంది.

కాసేపు వదిలేసి వచ్చాక మాత్రమే చచ్చిపోతోందంటే, డెస్క్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ రూట్ హబ్, పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు పొదుపు కోసం దీన్ని ఆపేయొచ్చు అని ఉన్న టిక్ తీసెయ్యండి. నాన్న లాప్‌టాప్‌లో మాత్రం వేలు పెట్టకండి, ఆఫీసుల్లో ఒక్కోసారి యూఎస్‌బీలకే తాళం వేస్తారు, అది వాళ్ళ ఐటీ వాళ్ళే తియ్యాలి.

ఇవన్నీ చేసి ఏ మెట్టు దగ్గర కదిలిందో కాగితం మీద రాసిపెట్టండి. ఆదివారం వస్తున్నా, అటక మీదున్న స్క్రోల్ లాక్ లైటున్న పాత కీబోర్డ్ ఒకటి తెస్తా, అంతదాకా కొత్త డబ్బా కొనమని నాన్నని వేధించకండి.

మీ తాతయ్య