మీ కుండీలో పూసింది బ్రహ్మకమలమేనా?

చిన్నూ, బుజ్జీ,

మొన్న రాత్రి మీరు పంపిన ఫోటో చూశాను. అమ్మ పువ్వుకు కుంకుమ పెట్టి, హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. పన్నెండింటి దాకా మేలుకున్నారట! బాగుంది. కానీ ఒక మాట చెప్తాను, అమ్మకు మాత్రం చెప్పకండి. అది బ్రహ్మకమలం కాదు. మెక్సికో వైపు నుంచి మన ఇళ్లకు చేరిన ఒక రకం కాక్టస్. ఒక్క రాత్రి పూసి తెల్లారేసరికి వాడిపోతుంది కాబట్టి మనవాళ్లు ఆ పేరు పెట్టి గొప్ప చేశారు.

అసలుది హిమాలయాల్లో ఉంటుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. నేను దాన్ని చూసింది చమోలీ జిల్లాలో, హేమకుండ్ సాహిబ్ అనే సిక్కుల గురుద్వారాకు ఎక్కే దారిలో. కింద ఘంఘరియా అనే చిన్న ఊరు. అక్కడినుంచి ఒక దారి పూలలోయకు, ఇంకో దారి హేమకుండ్‌కు చీలుతుంది. రెండోది నిలువు ఎక్కుడు, నా మోకాళ్ల గురించి అడగొద్దు. పైన ఎత్తు నాలుగు వేల మీటర్లకు పైనే. చెట్లు ఎప్పుడో ఆగిపోయాయి. ఆగస్టు నెల, సన్నటి వాన, మబ్బు. ఆ రాళ్ల మధ్య అడుగెత్తు మొక్కలు, ఒక్కొక్కదాని మీద లేత పసుపు కాగితంతో చేసిన దొన్నెలాంటిది!

దొన్నె అన్నానా? అది పూరేకులు కాదు, ఆకుల్లాంటి పొరలు. అసలు పూలు లోపల ఊదారంగులో చిన్నచిన్నగా, గుంపుగా ఉంటాయి. ఇది చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబంలోది. ఆ పొరలు వెలుతురును లోపలికి రానిచ్చి, వేడిని పోనివ్వవు. బయట చలికి మన వేళ్లు కొంకర్లు పోతుంటే లోపల కాస్త వెచ్చగా ఉంటుంది. వానకు పుప్పొడి తడిసిపోకుండా గొడుగూ అవే. ఒక్క రాత్రి ముచ్చట కాదు, రోజుల తరబడి ఉంటుంది. వాసన మాత్రం ఘాటు, మల్లెపూలు ఊహించుకోకండి.

దీని చుట్టమే ఇంకొకటి, ఫేన్‌కమల్. అది ఇంకా పైన ఉంటుంది, ఒళ్లంతా తెల్లటి నూలు చుట్టుకుని. చలికి ఒకటి గది కట్టుకుంది, ఇంకొకటి స్వెటర్ వేసుకుంది!

పూలలోయ సంగతీ చెప్పాలి. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఆ లోయలో దిగింది. తర్వాతే అది బయటి ప్రపంచానికి తెలిసింది. చుట్టుపక్కల గొర్రెల కాపరులకు ముందే తెలుసనుకోండి. 1939లో మొక్కలు సేకరించడానికి వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ జారిపడి చనిపోయింది. ఆమె సమాధి ఇప్పటికీ పూల మధ్యే ఉంది. 1982లో జాతీయ ఉద్యానం చేశారు, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీలం గసగసాల పువ్వు అక్కడే చూశాను. అంత అందమైన రేకుల కింద కాడ నిండా ముళ్లు!

గఢ్వాల్ అనే ఆ కొండ ప్రాంతంలో నందాష్టమి పండుగకు బ్రహ్మకమలాలు తెచ్చి నందాదేవికి పెడతారు. అంతవరకూ కోయకూడదని పాత కట్టుబాటు. అప్పటికి గింజ కట్టే వీలుంటుంది కదా, ఎవరు పెట్టారో గానీ తెలివైనవాళ్లే.

అన్నట్టు, మీ మొక్కకు ఆకులా కనిపించేది ఆకు కాదు, కాండం. ముక్క విరిచి మట్టిలో గుచ్చితే బతుకుతుంది. దసరాకు వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురండి, మా గుమ్మం దగ్గర కుండీ ఖాళీగా ఉంది.

మీ తాతయ్య