స్టెల్త్ విమానం తోక మీదకు రెండు మీటర్ల అల

2025 జూన్‌లో బ్రిటన్ వాళ్ల ఎఫ్-35బీ, అంటే అమెరికాలో తయారైన స్టెల్త్ (రాడార్‌కి దొరక్కుండా కట్టిన) ఫైటర్ విమానం ఒకటి తిరువనంతపురం ఎయిర్‌పోర్టులో దిగి, రిపేరుకొచ్చి, అయిదు వారాలపాటు అక్కడే ఉండిపోయింది గుర్తుంది కదా. అప్పుడు మన ఎయిర్‌ఫోర్స్ ఒక మాట చెప్పింది, దేశం మీది ఆకాశాన్ని కాపలా కాసే మా ఐఏసీసీఎస్ రాడార్ నెట్‌వర్క్ దాన్ని గుర్తించి దిగడానికి అనుమతిచ్చింది అని. అంతే, వాట్సాప్‌లో ఇక పండగే, అమెరికా స్టెల్త్ గుట్టు మనోళ్లు రట్టు చేసేశారు అని ఒకటే ఫార్వర్డులు. అదే మెసేజ్ నాకూ పంపించి ఇంటర్ చదివే ఒక కుర్రాడు అడిగాడు, "సర్, అది రాడార్‌కి కనపడదంటారు, మనోళ్లేమో చూశామంటున్నారు, అసలు స్టెల్త్‌ని పట్టుకోవడం కుదురుతుందా, కూల్చడం కుదురుతుందా?" అని.

ముందు ఆ ఫార్వర్డ్ సంగతి తేల్చేద్దాం. ఇంధనం తక్కువుంది, దిగాలి అని అడిగే విమానం తన ఉనికిని తనే చెప్పుకుంటుంది, అందులో పట్టుకోవడానికేం లేదు. పైగా యుద్ధం లేని రోజుల్లో ఈ విమానాల ఒంటికి మామూలుగా చిన్న చిన్న బుడిపెల్లాంటి రిఫ్లెక్టర్లు బిగిస్తారు, వచ్చిన రాడార్ అలని వచ్చిన దారినే వెనక్కి పంపించే లెన్సులు అవి. మామూలు విమానాలకి దారి చెప్పే ఏటీసీ వాళ్లకి కనపడాలి కాబట్టి ఒక కారణం, అసలు రూపం ఎంత చిన్నగా కనపడుతుందో పక్క దేశం కొలుచుకోకూడదని ఇంకో కారణం. కాబట్టి తిరువనంతపురం కథ మన ప్రశ్నకి జవాబు కాదు.

కుర్రాడు అడిగిన అసలు ప్రశ్న మాత్రం బంగారం లాంటిది. రాడార్ అంటే ఏంటి, ఎకో అంటే ఏంటి, ఇవన్నీ నేను చెప్పను, ఏ టెక్స్ట్‌బుక్‌లోనైనా ఉంటాయి, బోరు. ఒక్క లెక్క మాత్రం చెప్పి ముందుకెళ్తా. రాడార్ అల వెళ్లేటప్పుడు దూరం వర్గం చొప్పున పలచబడుతుంది, తగిలి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ దూరం వర్గం చొప్పున పలచబడుతుంది, మొత్తం కలిపి దూరానికి నాలుగో ఘాతం. దీనివల్ల స్టెల్త్ డిజైనర్ బతుకు చాలా కష్టం. రాడార్ చూసే దూరాన్ని సగం చెయ్యాలంటే విమానం ప్రతిబింబాన్ని 16 రెట్లు తగ్గించాలి, పదో వంతు చెయ్యాలంటే ఏకంగా 10,000 రెట్లు తగ్గించాలి. అంత కష్టపడి తగ్గించినా 400 కిలోమీటర్ల నుంచి చూసే రాడార్ 40 కిలోమీటర్ల దగ్గర చూసేస్తుంది. అంటే స్టెల్త్ విమానం మాయమవ్వదు, ఆలస్యంగా కనపడుతుంది, అంతే. ఆ ఆలస్యంలోనే బాంబు వేసి వెళ్లిపోవాలి.

ఆ 10,000 రెట్ల తగ్గింపులో పెద్ద వాటా అలని మింగే పూతలది కాదు, ఆకారానిది. వచ్చిన అల తిరిగి రాడార్ వైపు పోకుండా పక్కకి పోయేలా పలకలు వంచుతారు. ఈ లెక్కలకి పునాది వేసింది ప్యోత్ర్ ఉఫిమ్‌త్సెవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త, అంచుల దగ్గర అలలు ఎలా చెదురుతాయో 1962లోనే ప్రచురించాడు. సోవియట్ వాళ్లు దీంతో మనకేం పనిలే అనుకుని వదిలేశారు, అమెరికా ఎయిర్‌ఫోర్స్ 1971లో అనువాదం చేయించుకుంది, విమానాలు తయారు చేసే లాక్‌హీడ్ కంపెనీ వాళ్లు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 1981లో ఎగిరిన వాళ్ల ఎఫ్-117 స్టెల్త్ విమానం ఒళ్లంతా పలకలు పలకలుగా ఎందుకుంటుందంటే, అప్పటి కంప్యూటర్లకి వంపులు లెక్కేసే ఓపిక లేదు.

ఇప్పుడు నాకిష్టమైన చోటుకొచ్చాం. ఈ ఆకారం మాయ ఒక షరతు మీదే పనిచేస్తుంది, అల పొడవు విమానం భాగాల కంటే బాగా చిన్నదై ఉండాలి. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్‌లో లంగరేసి ఉన్న చిన్న పడవని చూడండి. గాలికి లేచే చిట్టి అలలు పడవ పక్క చెక్కకి తగిలి, చెక్క ఏ కోణంలో ఉంటే ఆ కోణానికి పక్కకి పోతాయి, పడవకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అక్కడ చెక్క వంపే ముఖ్యం. ఇంతలో బుద్ధుడి విగ్రహం దగ్గరికి టూరిస్టులని తీసుకెళ్లే పెద్ద లాంచీ పక్కనుంచి పోయిందనుకోండి, దాని వెనక లేచే అల పొడవు పడవ పొడవంత ఉంటుంది. ఆ అల పడవ పక్కకి తగిలి పోదు, పడవని మొత్తంగా పట్టుకుని ఊపేస్తుంది. ఊగుతున్న పడవ ఏం చేస్తుంది? తన చుట్టూ తనే కొత్త అలలు పుట్టిస్తుంది, అన్ని దిక్కులకీ, లాంచీ వచ్చిన దిక్కుకి కూడా. పక్క చెక్కని మీరెంత తెలివిగా వంచారన్నది అప్పుడెవడికీ పట్టదు. ఇంకా పొడవైన అల, అంటే వంద పడవలంత పొడవున్నది వస్తే మళ్లీ కథ మారిపోతుంది, నీళ్లతో పాటే పడవ మెల్లగా పైకి లేచి కిందకి దిగుతుంది, చుట్టూ పెద్దగా ఏమీ పుట్టించదు. కాబట్టి పడవంత అలే కావాలి, మరీ చిన్నదీ వద్దు, మరీ పెద్దదీ వద్దు.

విమానంలో పడవకి బదులు లోహంలోని ఎలక్ట్రాన్లు. ఫైటర్ల ముక్కులో ఉండే రాడార్ అల పొడవు దాదాపు 3 సెంటీమీటర్లు, దాని ముందు తోక రెక్క ఒక మైదానం. అదే వీహెచ్‌ఎఫ్ అనే పొడవాటి అలల రాడార్ అయితే అల రెండు మీటర్లు, తోక రెక్క, రెక్క చివర, కంట్రోల్ పలకలు అన్నీ దాదాపు అదే సైజు. ఎలక్ట్రాన్లు ఈ అంచు నుంచి ఆ అంచుకి ఊగుతాయి, ఊగుతూ అన్ని దిక్కులకీ తిరిగి ప్రసారం చేస్తాయి. ఇక పూత సంగతి, తిరిగే అలని చంపడానికి సాదా పూత మందం అల పొడవులో నాలుగో వంతు ఉండాలి. 3 సెంటీమీటర్ల అలకి ఏడున్నర మిల్లీమీటర్లు సరిపోతుంది, రెండు మీటర్ల అలకి అర మీటరు! అర మీటరు పూత పూస్తే ఆ విమానం ఎగరదు. మంచి పదార్థాలతో మందం తగ్గించొచ్చు కానీ ఈ తేడాని మాత్రం పూర్తిగా పూడ్చలేరు.

ఇది కొత్త కిటుకు అనుకుంటే పొరపాటు, బ్రిటన్‌లో రాడార్ పుట్టిందే దీంతో. 1930ల్లో బ్రిటన్ ఎయిర్ మినిస్ట్రీకి, జర్మన్ల దగ్గర మరణకిరణం ఉందట అనే పుకారు పట్టుకుంది (చదువుకున్న వాళ్లకి మూఢనమ్మకాలుండవని ఎవరన్నారు, వాళ్లు తాయెత్తుకి బదులు యంత్రం పేరు చెప్తారంతే, ఇప్పుడు క్వాంటమ్ రాడార్ వచ్చేసింది ఇక స్టెల్త్ ఖతం అనే వీడియోలూ ఆ కోవే). రేడియో శాస్త్రవేత్త వాట్సన్-వాట్‌ని అడిగితే ఆయన అసిస్టెంట్ ఆర్నాల్డ్ విల్కిన్స్ లెక్కేసి, మరణకిరణం కుదరదు గానీ విమానాన్ని కనిపెట్టడం కుదురుతుందన్నాడు. ఆ లెక్క ఎలా వేశాడో చూడండి, బాంబర్ రెక్కల వెడల్పు సుమారు 25 మీటర్లు, దాన్నొక యాంటెన్నా అనుకుందాం, దానికి రెట్టింపు అంటే 50 మీటర్ల అల పంపిస్తే రెక్క మొత్తం ఊగుతుంది! 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీలోని బీబీసీ షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ 49 మీటర్ల అల కింద హేఫర్డ్ బాంబర్‌ని తిప్పి చూశారు, పనిచేసింది. తర్వాత 1943 జులైలో హాంబర్గ్ మీద బ్రిటిష్ విమానాలు 27 సెంటీమీటర్ల రేకు పీలికలు కురిపించాయి, ఎందుకు 27 అంటే జర్మన్ వుర్జ్‌బర్గ్ రాడార్ అల సుమారు 53 సెంటీమీటర్లు, అందులో సగం. అరచేతిలో పట్టే రేకుల గుంపు బాంబర్ల దండులా కనపడింది.

బేగంపేట చుట్టుపక్కల పెరిగిన వాళ్లకి ఈ సంగతి కళ్లతో చూసిందే. డాబా మీద దువ్వెన పళ్లలాంటి యాంటెన్నా, దూరదర్శన్‌లో చిత్రలహరి, నెత్తిమీద విమానం దిగుతుంటే బొమ్మ వణికేది. ఇంట్లో అందరూ యాంటెన్నా తిప్పమని అరిచేవాళ్లు. టవర్ నుంచి నేరుగా వచ్చిన అల, విమానాన్ని తాకి వచ్చిన అల రెండూ కలిసి తన్నుకోవడం అది, అంటే ఆ డాబా యాంటెన్నా ఆ క్షణానికి రాడార్ రిసీవర్ అయినట్టే. ఇంటర్‌లో వేగం ఈక్వల్స్ ఫ్రీక్వెన్సీ ఇంటూ అల పొడవు అని ఈఏపీసెట్ బిట్ల కోసం వందసార్లు బట్టీ పట్టిస్తాం, ఏ పొడవు అల ఏ వస్తువుని ఊపుతుందో ఒక్కసారి కూడా చెప్పం, అది నాకు ఎప్పుడూ మంటే.

సరే, మరి అందరూ వీహెచ్‌ఎఫ్ పెట్టేసుకుంటే సరిపోదా? సరిపోదు, ఎందుకంటే చూడటం వేరు, గురిపెట్టడం వేరు. బీమ్ వెడల్పు సుమారుగా అల పొడవు భాగించు యాంటెన్నా వెడల్పు. రెండు మీటర్ల అల, పది మీటర్ల యాంటెన్నా అనుకోండి, 0.2 రేడియన్లు, వంద కిలోమీటర్ల దూరంలో అది 20 కిలోమీటర్ల వెడల్పు. అంటే విమానం ఉంది, హైదరాబాద్ మీద ఎక్కడో ఉంది, కూకట్‌పల్లి మీదా ఎల్బీనగర్ మీదా అంటే చెప్పలేను అన్నట్టు. బీమ్ సన్నం చెయ్యాలంటే యాంటెన్నా పెంచాలి, ఎంత పెంచాలో తెలియాలంటే తిరుపతి దగ్గర గాదంకి వెళ్లి చూడండి. అక్కడి ఎమ్‌ఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో గాలి పొరలని చూస్తుంది, అల అయిదున్నర మీటర్ల పైనే, దానికి 130 మీటర్ల చదరంలో 1024 యాగీ యాంటెన్నాలు (ఆ డాబా మీది దువ్వెనల్లాంటివే) పరిచారు, అంతా చేస్తే వచ్చింది 3 డిగ్రీల బీమ్. అంతటిదాన్ని ట్రక్కు మీద ఎక్కించి యుద్ధంలో తిప్పలేం. మిసైల్ పేలాల్సింది విమానానికి కొన్ని పదుల మీటర్ల లోపే. ఆ పని చిన్న అలల రాడారే చెయ్యాలి, ఆ చిన్న అలలనే కదా స్టెల్త్ తప్పించేది.

ఈ రెంటికీ మధ్య ఉన్న సందుని ఎలా పూడ్చాలో అమెరికా, దాని నాటో మిత్రదేశాలు సెర్బియా మీద బాంబులు వేస్తున్న రోజుల్లో, 1999 మార్చి 27 రాత్రి అక్కడ జోల్తాన్ డాని అనే అధికారి బెటాలియన్ చూపించింది. వాళ్ల దగ్గరున్నవి 1960, 70ల నాటి సరుకు, పీ-18 అనే వీహెచ్‌ఎఫ్ రాడార్, ఎస్-125 మిసైల్, అదే మన ఎయిర్‌ఫోర్స్‌లో పెచోరా అని పిలిచేది. పీ-18 దిక్కు చెప్పింది, ఆ దిక్కున మాత్రమే గురి రాడార్ ఆన్ చేశారు, అదీ 20 సెకన్ల లోపు, ఎందుకంటే ఎక్కువసేపు ఆన్‌లో ఉంటే రాడార్ సిగ్నల్ పట్టుకుని దూసుకొచ్చే మిసైల్ నెత్తిన పడుతుంది. దొరక్కపోతే కట్టేసి మళ్లీ ప్రయత్నించడం, పని కాగానే సామాను సర్దుకుని వేరే చోటుకి పరుగెత్తడం. ఎఫ్-117 దాదాపు 13 కిలోమీటర్ల దగ్గరికి వచ్చాక చిక్కింది, రెండు మిసైళ్లు వదిలారు, విమానం బుజానోవ్‌త్సి అనే ఊరి పొలాల్లో కూలింది. పైలట్ డేల్ జెల్కో పారాచ్యూట్‌తో దూకి బతికాడు, తర్వాత ఆయన, డాని స్నేహితులయ్యారు, డాని అప్పటికి బేకరీ నడుపుకుంటున్నాడు. అమెరికా వాళ్ల తప్పులూ ఉన్నాయి, రోజూ ఒకే దారిలో వెళ్లడం, ఆ రాత్రి జామింగ్ విమానాలు తోడు లేకపోవడం.

ఇంకో విషయం గమనించండి, ఎస్-125 మిసైల్‌కి సొంత కళ్లు లేవు, కింద నుంచి రేడియో కమాండ్లతో నడిపిస్తారు, కంచన్‌బాగ్ బీడీఎల్ (భారత్ డైనమిక్స్) వాళ్లు తయారు చేసే మొదటి తరం ఆకాశ్ మిసైల్‌దీ అదే పద్ధతి. సొంత కళ్లున్న మిసైల్ అయితే ఇంకో లాభం ఉంది, నాలుగో ఘాతం లెక్క ఇప్పుడు తిరగబడుతుంది. కింద రాడార్ సుమారుగా దారి చూపిస్తే చాలు, మిసైల్ తనే విమానం దగ్గరికి పోతుంది, 40 కిలోమీటర్ల నుంచి కనపడనిది 4 కిలోమీటర్ల నుంచి కనపడుతుంది. అలాగే గురి రాడార్ ఆకాశమంతా వెతక్కుండా వీహెచ్‌ఎఫ్ చూపించిన ముక్క మీదే తన శక్తంతా కుమ్మరిస్తే, వందల పల్సులు కూడబెట్టి బలహీనమైన ఎకోని కూడా నాయిస్ నుంచి పైకి లాగొచ్చు. రష్యా వాళ్ల నెబో-ఎమ్ రాడార్ చేసేది ఇదే, వీహెచ్‌ఎఫ్ ఒక బండి మీద, దానికంటే చిన్న అలల ఎల్ బ్యాండ్ ఇంకో బండి మీద, ఇంకా చిన్న అలల ఎస్-ఎక్స్ బ్యాండ్ మూడో బండి మీద, మూడు చూసిందీ ఒకే కమాండ్ బండిలో కలుపుతారు.

పక్కకి తోసేసిన అల ఎటో ఒకటు పోవాలి కదా, అక్కడ రిసీవర్ పెట్టుకోవడం ఇంకో దారి. ఎఫ్‌ఎమ్ స్టేషన్ అల మూడు మీటర్లు, ఊరి మధ్యలో పగలూ రాత్రీ మోగుతూనే ఉంటుంది, మేడ్చల్, శంషాబాద్, సంగారెడ్డి, భువనగిరిలో మాట్లాడని రిసీవర్లు పెడితే డాబా మీద టీవీ వణుకునే కంప్యూటర్‌తో కొలిచినట్టు. రిసీవర్ ఏమీ ప్రసారం చెయ్యదు కాబట్టి దాన్ని వెతికి పేల్చడం కష్టం. కానీ రిసీవర్లన్నిటికీ గడియారాలు గట్టిగా కలవాలి, నేరుగా వచ్చే సిగ్నల్ మోతలో ఎకోని ఏరాలి, ఎత్తు తెలియడం కష్టం. ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంది, ఇంజిన్ వేడిని దాచలేరు, అయితే మన వానాకాలం మబ్బు ఒక్కటి అడ్డొస్తే ఆ కెమెరా పని అయిపోయినట్టే, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

ఊరుకోరు కదా, అవతల డిజైనర్లు కూడా పడవ లెక్క చదువుకున్న వాళ్లే. రెండు మీటర్ల అల తోకని పట్టుకుని ఊపుతోందా, అసలు తోకే తీసేద్దాం అన్నారు. బీ-2 బాంబర్‌కి నిలువు తోక లేదు, రెక్కల వెడల్పు 52 మీటర్లు, రెండు మీటర్ల అలకి కూడా అది ఇంకా మైదానమే. 2024 డిసెంబర్ 26న చైనా ఆకాశంలో కనపడ్డ కొత్త ఫైటర్లకీ నిలువు తోక లేదు. కానీ తోక లేకపోతే విమానం ముక్కు ఎడమకీ కుడికీ తిప్పడం ఎలా? బీ-2కి రెక్క చివర్లలో పలకలు రెండుగా విచ్చుకుని గాలికి అడ్డుపడతాయి, అవి విచ్చుకుంటే ఆకారం మళ్లీ చెడుతుంది, రాడార్‌కి దొరుకుతుంది. అందుకని శత్రువు దగ్గర్లో ఆ పలకలు మూసేసి, ఎడమ ఇంజిన్లకీ కుడి ఇంజిన్లకీ తోపు కొంచెం తేడాగా ఇచ్చి ముక్కు తిప్పుతారు. అలా తిప్పితే మలుపులు నెమ్మదిగానే పడతాయి, బాంబర్‌కి పర్లేదు, ఫైటర్‌కి మాత్రం కష్టమే.